టీవీ గదికి ఏ రంగు?

సినిమాహాల్లో గోడలకు ముదురు రంగు వేస్తారు. ఎందుకో తెలుసా? తెర మీది వెలుగు గోడలకు తగులుతుంది. తెల్లగోడ ఆ వెలుగును మళ్ళీ తెర మీదికి కొడుతుంది. బొమ్మ వెలవెలబోతుంది. ముదురు గోడ వెలుగును పీల్చుకుంటుంది. బొమ్మ బాగా కనిపిస్తుంది.

మరి ఇంట్లో? మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోని ఇరుకు ఇళ్ళలో టీవీకి వేరే గది ఉండదు. పిల్లలు చదివేది అక్కడే. అందరూ పడుకునేదీ అక్కడే. నాలుగు గోడలూ ముదురు రంగైతే పగలే లైటు వేయాలి. కరెంటు బిల్లు పెరుగుతుంది. అందుకని టీవీ వెనక గోడకు మాత్రం ముదురు నీలమో, బూడిద రంగో వేస్తే చాలు. మిగతా గోడలకు లేత రంగు మంచిది. నిగనిగలాడే రంగు వద్దు. దాని మీద లైటు పడి కళ్ళకు కొడుతుంది.

రంగుకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అది సీసం. పసుపు, ఎరుపు వంటి మెరిసే రంగుల్లో సీసం కలిపేవారు. పాత రంగు పెచ్చులు రాలి దుమ్మవుతుంది. పాకే పిల్లల చేతులకు అంటుతుంది. ఆ చేతులు నోట్లోకి పోతాయి. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. చదువులో వెనకబడతారు.

అందుకే ప్రభుత్వం 2016లో నియమం చేసింది. 2017 నవంబరు 1 నుంచి అది అమలైంది. ఇంటి రంగులో పది లక్షల పాళ్ళకు సీసం 90 పాళ్ళు మించకూడదు. ఆ మాట డబ్బా మీద రాసి ఉండాలి.

పాత రంగు గోకేముందు గోడను తడపండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. కొత్త రంగు కొనేటప్పుడు షాపాయన మాట ఒక్కటే నమ్మకండి. డబ్బా తిప్పి చూడండి. 90 అంకె ఉందా? మీరే చదవండి.