వరుసలో నిలిచిన సందేశాలు

ఒక మందుల తయారీ సంస్థకు నగరంలో ప్రధాన కార్యాలయం, నగరానికి చాలా దూరాన ఒక పెద్ద గిడ్డంగి ఉన్నాయనుకోవచ్చు. కార్యాలయంలోని కంప్యూటరు వ్యవస్థ కొనుగోళ్లు, అమ్మకాలు, ధరలు, నాణ్యత పరీక్షల ఫలితాలు అన్నింటి లెక్కనూ చూస్తుంది. గిడ్డంగిలోని వ్యవస్థ వేరు. ఏ పెట్టె ఏ అరలో ఉన్నది, ఏ సరుకు ఏ లారీకి ఎక్కాలి అన్నది దాని పని. ఒకనాటి సాయంకాలం నాణ్యత విభాగంలోని అధికారి ఒక బ్యాచ్ మాత్రలలో లోపాన్ని గుర్తించి, ఆ బ్యాచ్‌ను బయటికి పంపరాదని కంప్యూటరులో నమోదు చేస్తాడు. నమోదు పూర్తి అయినట్లు తెరపై కనిపిస్తుంది. అతడు నిశ్చింతగా ఇంటికి బయలుదేరుతాడు. అదే సమయానికి గిడ్డంగి ముంగిట లారీ నిలిచి ఉన్నది. ఆ మాట అక్కడికి చేరే లోపల లారీ కదులుతుందా, కదలదా?

నమోదు కావడం ఒకటి, చేరడం మరొకటి. ఈ రెండింటి నడుమ సందేశం కొంతసేపు నిలిచే చోటునే వెలుపలికి పోయే సందేశాల వరుస అంటారు. సాఫ్ట్‌వేరు పరిభాషలో దానికి 'అవుట్‌బౌండ్ క్యూ' అని పేరు. ఆ వరుసలోని సందేశాలు ఎప్పుడు, ఏ క్రమంలో, ఎంత వేగంతో బయలుదేరాలో నిర్ణయించే భాగం 'షెడ్యూలర్'. బ్యాంకులు, రైల్వేలు, విద్యుత్ సంస్థలు, కర్మాగారాలు నేడు ఇటువంటి వరుసల మీదనే ఆధారపడి నడుస్తున్నాయి. అవి సక్రమంగా పనిచేసినంత కాలం వాటి ఉనికి ఎవరికీ తెలియదు.

మొదట తలెత్తే ప్రశ్న, అసలు వరుస ఎందుకు అన్నది. కార్యాలయ వ్యవస్థ గిడ్డంగి వ్యవస్థతో టెలిఫోనులో మాట్లాడినట్లు నేరుగా మాట్లాడవచ్చు కదా! మాట్లాడవచ్చు. కాని టెలిఫోను సంభాషణకు ఇరువురూ ఏకకాలంలో సిద్ధంగా ఉండాలి. గిడ్డంగి సర్వరు మరమ్మతు కోసం అరగంట ఆగితే, ఆ అరగంట పాటు కార్యాలయంలో బిల్లు కూడా తయారు కాదు. ఒకరి నిద్ర మరొకరి పనిని ఆపివేస్తుంది. ఉత్తరానికి ఆ ఇబ్బంది లేదు. వ్రాసి తపాలా పెట్టెలో వేసినవాడు తన పని తాను చూసుకోవచ్చు. వరుస చేసేది ఆ తపాలా పెట్టె పనే.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. బ్యాచ్‌ను నిలిపివేసినట్లు కార్యాలయపు డేటాబేసులో వ్రాయడం, గిడ్డంగికి సందేశం వ్రాయడం రెండు వేర్వేరు పనులుగా జరిగితే, మొదటిది ముగిసి రెండవది మొదలయ్యే ముందు కరెంటు పోవచ్చు. అప్పుడు కార్యాలయం దృష్టిలో బ్యాచ్ నిలిచిపోయింది. గిడ్డంగికి ఆ సంగతే తెలియదు. అందుచేత ఈ రెండు వ్రాతలనూ ఒకే లావాదేవీగా కట్టివేస్తారు. జరిగితే రెండూ జరుగుతాయి, లేకుంటే రెండూ జరగవు. ఈ వరుస సాధారణంగా పంపే వ్యవస్థ డేటాబేసులోనే ఉండడానికి ప్రధాన కారణం ఇదే.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ ఎస్.ఎ.పి. సాఫ్ట్‌వేరు. ఐ.బి.ఎం. సంస్థను వీడి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో ఈ కంపెనీని స్థాపించారు. 1992లో వెలువడిన దాని ఆర్/3 వ్యవస్థ ప్రపంచంలోని అనేక పెద్ద పరిశ్రమలకు ఆధారమైంది. ఈ వ్యవస్థలు పరస్పరం మాట్లాడుకొనే పద్ధతులలో ఒకదానికి 'క్యూ.ఆర్.ఎఫ్.సి.' అని పేరు. దానిలోని వెలుపలి వరుసలను చూడడానికి 'ఎస్.ఎమ్.క్యూ.1' అనే తెర, వాటి షెడ్యూలరును అమర్చడానికి 'ఎస్.ఎమ్.క్యూ.ఎస్.' అనే తెర ఉన్నాయి. కొత్తగా వ్రాసే ప్రోగ్రాములకు దీని తరువాత వచ్చిన 'బి.జి.ఆర్.ఎఫ్.సి.' అనే పద్ధతిని వాడవలసిందిగా ఆ కంపెనీయే సూచిస్తున్నది. అయినప్పటికీ పాత పద్ధతిలోని సమస్యలే కొత్తదానిలోనూ ఎదురవుతాయి. ఎందుకంటే అవి సాఫ్ట్‌వేరు పుట్టించిన సమస్యలు కావు; దూరం పుట్టించినవి.

ఆ సమస్యలలో మొదటిది సందేహం. కార్యాలయం సందేశాన్ని పంపింది. గిడ్డంగి నుండి సమాధానం రాలేదు. సందేశం దారిలో పోయిందా? లేక అది చేరి, దానికి వచ్చిన సమాధానం దారిలో పోయిందా? పంపినవారికి ఈ రెండూ ఒకే మౌనంగా కనిపిస్తాయి. రెండు కొండల మీద విడిది చేసిన ఇద్దరు సేనాధిపతులు లోయలో శత్రువు ఉండగా దూతల ద్వారా దాడి సమయాన్ని నిర్ణయించుకోవాలనుకుంటే, ఎన్ని దూతలను పంపినా ఇరువురికీ పూర్తి నిశ్చయం కలగదు. కంప్యూటరు శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే 1978లో ఈ చిక్కును ఇద్దరు సేనాధిపతుల కథగా ప్రచారంలోకి తెచ్చాడు. దీనికి సంపూర్ణ పరిష్కారం లేదని తర్కం నిరూపిస్తుంది.

సంపూర్ణ పరిష్కారం లేకపోయినా, వ్యవహారానికి చాలినంత ఉపాయం ఉన్నది. ప్రతి సందేశానికీ మరి దేనికీ లేని ఒక గుర్తింపు సంఖ్యను ఇస్తారు. సమాధానం రాకపోతే అదే సంఖ్యతో మళ్లీ పంపుతారు. అందుకొనే వ్యవస్థ తాను నెరవేర్చిన సంఖ్యలను వ్రాసి ఉంచుకొంటుంది. ఒకసారి నెరవేరిన సంఖ్య మరల వస్తే, పనిని తిరిగి చేయక, అయిపోయినదని మాత్రం చెబుతుంది. పంపినవారు నిస్సంకోచంగా పదిసార్లు పంపవచ్చు. పని మాత్రం ఒక్కసారే జరుగుతుంది. పది వేల పెట్టెల ఆర్డరు ఇరవై వేలు కాకుండా కాపాడేది ఈ చిన్న సంఖ్యే.

రెండవ సమస్య క్రమం. ఒక ఆర్డరు సృష్టించబడింది, తరువాత అందులోని పరిమాణం మార్చబడింది, చివరకు ఆర్డరే రద్దయింది. ఈ మూడు సందేశాలూ తలక్రిందులుగా చేరితే, లేని ఆర్డరును రద్దు చేయమని ముందు వచ్చి, రద్దు కావలసిన ఆర్డరు తరువాత పుట్టి కూర్చుంటుంది. కనుక ఒక వరుసలోని సందేశాలు వ్రాయబడిన క్రమంలోనే పోవాలన్నది నియమం. ముందున్నది దాటకుండా వెనుకనున్నది కదలదు. ఈ నియమానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉన్నది. మొదటి సందేశం ఏ కారణంగానైనా చిక్కుకుపోతే, దాని వెనుక ఉన్నవన్నీ, తమలో ఏ దోషమూ లేకపోయినా, నిలిచిపోతాయి. ఇరుకు వంతెన మీద ఆగిన ఎడ్లబండి వెనుక ఊరి బండ్లన్నీ ఆగినట్లే ఇది.

మూడవ సమస్య వేగం. షెడ్యూలరు ముఖ్యంగా పనిచేసేది ఇక్కడే. నెలాఖరున కార్యాలయంలో ధరల పట్టిక మారితే ఒక్కసారిగా వేలకొలది సందేశాలు పుడతాయి. వాటినన్నింటినీ ఒకేసారి గిడ్డంగి మీదికి వదిలితే ఏమవుతుంది? ఆర్/3 వంటి వ్యవస్థలో సర్వరు మీద పనిచేసే ప్రక్రియల సంఖ్య పరిమితం. తెర ముందు కూర్చున్న ఉద్యోగికి సమాధానమిచ్చేవీ, బయటి నుండి వచ్చిన సందేశాన్ని నెరవేర్చేవీ ఒకే జాతి ప్రక్రియలు. సందేశాలు వాటినన్నింటినీ ఆక్రమిస్తే గిడ్డంగిలోని గుమాస్తా మీట నొక్కి, తెర వంక చూస్తూ ఊరక కూర్చోవలసిందే.

అందుకే షెడ్యూలరులో ప్రతి గమ్యస్థానాన్నీ ముందుగా నమోదు చేసి, ఆ గమ్యానికి ఏకకాలంలో గరిష్ఠంగా ఎన్ని సంబంధాలు తెరవవచ్చునో, ఒక విడతలో ఎంతసేపు ఆ గమ్యానికే పంపవచ్చునో నిర్దేశిస్తారు. ఆ గడువు తీరగానే షెడ్యూలరు తరువాతి గమ్యాన్ని అందుకొంటుంది. పంక్తిలో వడ్డించేవాడు ఒకే విస్తరి వద్ద నిలబడిపోక ముందుకు సాగి మళ్లీ వచ్చినట్లుగా అది అన్ని గమ్యాలనూ చుట్టివస్తుంది. అందుకొనే వ్యవస్థ శక్తిని ఎరిగి పంపడమే దీని ధర్మం.

గిడ్డంగి శక్తిలో నూటికి నూరు వంతులూ వాడుకొంటే తప్పేమిటని అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం కంప్యూటర్లు పుట్టకముందే లభించింది. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన డెన్మార్కు గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ టెలిఫోను పిలుపుల గురించి 1909లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. వరుసల గణితానికి అది పునాది. ఆ శాస్త్రం చెప్పే సంగతి కొంత ఆశ్చర్యకరమైనది. ఒకే కౌంటరు ఉండి, మనుషులు ఒక పద్ధతి లేకుండా వస్తూ, ఒక్కొక్కరి పనికి ఒక్కొక్క రీతిగా సమయం పడుతూ ఉంటే, కౌంటరు సగం కాలం మాత్రమే పనిలో ఉన్నప్పుడు అక్కడ సగటున ఉండేది ఒక్కరే. నూటికి 80 వంతుల కాలం పనిలో ఉంటే నలుగురు, 90 వంతులైతే తొమ్మిదిమంది, 95 వంతులైతే పందొమ్మిదిమంది. పని పెరిగింది కొద్దిగానే. వరుస మాత్రం విపరీతంగా సాగింది. కొంత తీరిక మిగలని వ్యవస్థకు చిన్న ఆటంకం కూడా పెద్ద ఉపద్రవమే. ఆ తీరికను వృథాగా భావించి కత్తిరించే యాజమాన్యాలు దాని మూల్యాన్ని నెలాఖరున తెలుసుకొంటాయి.

సందేశం చేరనప్పుడు ఏమి చేయాలి? వైఫల్యాలన్నీ ఒకటి కావన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం. గిడ్డంగి సర్వరు అందుబాటులో లేకపోవడం, నెట్‌వర్కు తెగిపోవడం ఒక రకం. కాలమే దీనికి వైద్యం. కొంత ఆగి తిరిగి ప్రయత్నిస్తే చాలు. ఎస్.ఎ.పి. వ్యవస్థలో ముందుగా అమర్చి ఇచ్చే విలువల ప్రకారం పదిహేను నిమిషాల కొకసారి, ముప్ఫై పర్యాయాలు ప్రయత్నం సాగుతుంది. అంటే దాదాపు ఏడున్నర గంటలు. రాత్రి తెగిన తీగ తెల్లవారేసరికి అతికితే, ఎవరూ వేలు పెట్టనక్కరలేకుండానే సందేశాలు కదులుతాయి.

రెండవ రకం వేరు. సందేశం చేరింది, కాని గిడ్డంగి వ్యవస్థ దానిని నెరవేర్చలేకపోయింది. సందేశంలోని మందు పేరు గిడ్డంగి జాబితాలో లేకపోవచ్చు. దీనిని ముప్ఫైసార్లు కాదు, మూడు వేలసార్లు పంపినా ఫలితం ఒక్కటే. ఎస్.ఎ.పి. తెర మీద మొదటి రకానికి 'సి.పి.ఐ.సి. ఎర్రర్' అనీ, రెండవదానికి 'సిస్‌ఫెయిల్' అనీ వేర్వేరు గుర్తులు కనిపిస్తాయి. మొదటిది కనిపిస్తే ఓపిక పట్టాలి. రెండవది కనిపిస్తే మనిషి లేవాలి.

ఆ మనిషికి ఎదురయ్యే శోధన చిన్నది కాదు. అర్ధరాత్రి, వరుస తలలో ఒక సందేశం చిక్కుకొని ఉంది; దాని వెనుక నాలుగు వేలు ఉన్నాయి; ఫోను మీద ఫోను వస్తున్నది. ఆ ఒక్క సందేశాన్ని తొలగించే మీట ఎదురుగానే ఉన్నది. నొక్కితే వరుస మరుక్షణం కదులుతుంది, అందరూ సంతోషిస్తారు. కాని తొలగించినది ఒక ఆర్డరు పుట్టుక అయితే, వెనుక వచ్చే మార్పులకూ రద్దుకూ ఆధారం ఉండదు. అది సరుకు రాక లెక్క అయితే, కార్యాలయం పుస్తకంలో నిల్వ ఒకటి, గిడ్డంగి అరల మీద నిల్వ మరొకటి. ఆ తేడా ఆ రాత్రి కనిపించదు. నెలలు గడచి లెక్క చూసిన నాడు, కారణం ఎవరికీ తోచని స్థితిలో బయటపడుతుంది. లోపాన్ని సరిచేసి, అదే సందేశాన్ని తిరిగి నడిపించడం ఆలస్యమైన మార్గం. అయినా అదే సరైన మార్గం.

ఇక లారీ సంగతి. బ్యాచ్‌ను ఆపమన్న సందేశం పుట్టిన సాయంకాలమే ధరల పట్టిక కూడా మారిందనుకోవాలి. గిడ్డంగికి పోయే సందేశాలన్నింటికీ ఒకే వరుస ఉంటే, ప్రాణాలకు సంబంధించిన ఆ మాట వేల ధరల వెనుక నిలబడుతుంది. అత్యవసరమైనదానిని ముందుకు తోయవచ్చునన్న ఆలోచన సహజం. కాని అలా తోస్తే, ఆ బ్యాచ్ తయారైనదని తెలిపే సందేశం ఇంకా వరుసలోనే ఉండి, దానిని ఆపమన్న సందేశం ముందు చేరవచ్చు. తన లెక్కలో లేని బ్యాచ్‌ను గిడ్డంగి ఎలా ఆపగలదు? ఆ సందేశం లోపంగా నిలిచిపోతుంది. బ్యాచ్ మాత్రం తరువాత వచ్చి, ఏ ఆటంకమూ లేక లారీ ఎక్కుతుంది.

మార్గం మరొకటి ఉన్నది. వరుసకు పేరు పెట్టడంలోనే అది ఉన్నది. ధరలకు ఒక వరుస; బ్యాచ్‌లకు, ఒక్కొక్క బ్యాచ్ సంఖ్యతో ఒక్కొక్క వరుస. అప్పుడు ఒక బ్యాచ్‌కు సంబంధించిన మాటలన్నీ తమలో తాము క్రమం తప్పవు. ధరల రద్దీకి అవి కట్టుబడవు. ఒక బ్యాచ్ సందేశం చిక్కుకొంటే మరొక బ్యాచ్ ఆగదు. ఏ మాటకు ఏ మాటతో సంబంధం ఉన్నదో తెలిసినవారే ఈ పేర్లు పెట్టగలరు. ఆ సంబంధం కంప్యూటరుకు తెలియదు. మందుల వ్యాపారం తెలిసినవారికీ, గిడ్డంగిలో పనిచేసినవారికీ తెలుస్తుంది. ప్రోగ్రాము వ్రాసేవారు మొదట వారి వద్ద కూర్చోవలసి ఉంటుంది.

అన్నీ సరిగా అమర్చిన తరువాత కూడా ఎవరో ఒకరు వరుసను కనిపెట్టి ఉండక తప్పదు. చాలామంది వరుసలో ఎన్ని సందేశాలు ఉన్నాయో చూస్తారు. ఐదు వేలు ఉంటే కంగారు పడతారు, ఒక్కటే ఉంటే ఊరట చెందుతారు. ఐదు వేల ధరలు చకచక కదులుతూ ఉండవచ్చు. ఒంటరిగా ఉన్న ఆ ఒక్కటి నాలుగు గంటలుగా కదలక ఉండవచ్చు. ఎస్.ఎమ్.క్యూ.1 తెర మీద సందేశాల సంఖ్యతోపాటు, వరుసలోని మొదటి సందేశం ఏ తేదీన, ఏ సమయాన చేరినదో కూడా కనిపిస్తుంది. అనుభవజ్ఞులు మొదట చూసేది ఆ సమయాన్ని.