చుక్క కారదు, గాలి మాత్రం దూరుతుంది

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి చలికాలంలోనే ఆయిల్ బర్నర్‌తో పని పడుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగినవాళ్లకు ఇల్లు వెచ్చబెట్టుకోవడమే కొత్త. ఇక అందుకోసం బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల నూనె ట్యాంకు ఉంటుందంటే ఆశ్చర్యం వేయక మానదు. అమెరికాలో ఇప్పటికీ సుమారు 50 లక్షల ఇళ్లు ఈ నూనెతోనే చలి కాచుకుంటున్నాయి. వాటిలో అత్యధికం ఈశాన్యంలోనే ఉన్నాయి.

ఈ నూనె దాదాపు డీజిలే. రోడ్డు పన్ను లేదు కాబట్టి, వాహనాల్లో పోయకుండా గుర్తుగా ఎర్ర రంగు కలుపుతారు. ట్యాంకు నుంచి సన్నటి రాగి గొట్టం ఫిల్టర్ మీదుగా బర్నర్ పంపుకు వస్తుంది. పంపు ఆ నూనెను పాత యంత్రాల్లో 100, కొత్తవాటిలో 140 పీఎస్ఐ ఒత్తిడితో నాజిల్‌లోంచి చిమ్ముతుంది. పొగమంచులా మారిన ఆ తుంపర విద్యుత్ నిప్పురవ్వతో అంటుకుంటుంది. మంట వెలిగిందో లేదో ఒక చిన్న కాంతి సెన్సర్ కనిపెట్టుకుని ఉంటుంది. వెలుగు కనిపించకపోతే పాత యంత్రమైతే 45 సెకన్లలో, కొత్తదైతే 15 సెకన్లలోనే బర్నర్‌ను ఆపేస్తుంది. మళ్లీ నడవాలంటే దాని మీదున్న ఎర్ర బటన్ నొక్కాలి.

ఈ ఏర్పాటంతా నూనె తెగకుండా రావడం మీదే నిలబడింది. నూనె నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. బుడగ నాజిల్ దాకా వచ్చిందంటే తుంపర తెగుతుంది, మంట ఊగుతుంది, ఆరిపోతుంది. ఒక్కోసారి మంట ఆరకపోయినా వేరే నష్టం జరుగుతుంది. బర్నర్ ఆగగానే నాజిల్ గొట్టంలో నలిగి ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచించి, వెనకున్న నూనెను చుక్కలుగా బయటికి నెడుతుంది. ఆ చుక్కలు మంట మండే ఫైర్ బాక్స్‌లో పడి మసిగా మిగులుతాయి. బర్నర్ ఆగేటప్పుడు గుడగుడమన్నా, ఆగాక కాసేపు నూనె వాసన వచ్చినా అనుమానించాల్సింది ముందు గాలినే. పంపు కూత పెడుతున్నా అంతే.

పొలంలో డీజిల్ ఇంజన్ నడిపిన రైతుకు ఈ తంటా కొత్త కాదు. ట్యాంకు ఎండేదాకా నడిపితే ఇంజన్‌కు గాలి పడుతుంది. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిల్ వదిలితే గానీ మళ్లీ అందుకోదు. బర్నర్‌కూ నూనె అయిపోవడమే తేలికైన కారణం. నూనె పోయించి గాలి తీస్తే సమస్య తీరిపోతుంది.

ట్యాంకు నిండుగా ఉండి కూడా రెండు రోజులకోసారి గాలి పడుతుంటేనే అసలు చిక్కు. చాలామంది గొట్టం పొడవునా నూనె తడి కోసం వెతుకుతారు, కనిపించదు. గొట్టం ట్యాంకు పైనుంచి లేచి సీలింగ్ వెంబడి వచ్చే ఇళ్లలో పంపు నూనెను పీల్చుకోవాలి. పీల్చేటప్పుడు గొట్టంలోని ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. అందుకే సందు ఉన్నచోట నూనె బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. పొడిగా కనిపించే జాయింటే దోషి కావచ్చు. అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ముందు చూసేది కంప్రెషన్ ఫిట్టింగ్‌లనే. గొట్టం చివరను గరాటులా విప్పార్చి బిగించే ఫ్లేర్ ఫిట్టింగ్ వాటికంటే ఎంతో నమ్మకం. ఫిల్టర్ మూత గ్యాస్కెట్, వాల్వ్ కాడ, పంపు షాఫ్ట్ సీల్ కూడా అనుమానితుల జాబితాలో ఉంటాయి.

ఊహలతో ఒక్కో ఫిట్టింగ్ బిగించుకుంటూ పోవడం కంటే వాక్యూమ్ గేజ్ పెట్టడం మేలు. నూనెను ఒక అడుగు ఎత్తుకు పీల్చడానికి సుమారు ముప్పావు అంగుళం వాక్యూమ్ పడుతుంది. గొట్టం లేచిన ఎత్తుకు తగ్గంత రావాల్సిన చోట ముల్లు 12 అంగుళాలు దాటిందంటే తప్పు సందుది కాదు, అడ్డంకిది. ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, గొట్టం నలిగి ఉండవచ్చు, ఆరుబయట ట్యాంకైతే చలికి నూనె చిక్కబడి ఉండవచ్చు. అంత గట్టిగా పీల్చినప్పుడు నూనెలో కరిగి ఉన్న గాలే నురగగా విడిపోతుంది. చూడ్డానికి గాలి దూరినట్టే ఉంటుంది, మందు మాత్రం వేరు. ఈ తేడా పట్టుకోకుండా గొట్టం మొత్తం మార్చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు.

ఇంకో పరీక్ష మరీ సులువు. మెకానిక్ పాత గొట్టం ఊడదీసి, ఒక డబ్బాలో శుభ్రమైన నూనె పోసి, కొత్త పొట్టి గొట్టంతో నేరుగా పంపుకు కలుపుతాడు. బుడగలు ఆగిపోతే తప్పు గొట్టానిది. ఆగకపోతే పంపుది.

గాలి తీయడానికి పంపు పక్కనున్న చిన్న బ్లీడ్ స్క్రూకు పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను సీసాలో పెడతారు. స్క్రూ వదులు చేసి బర్నర్ స్టార్ట్ చేస్తే మొదట నురగ కక్కుతుంది, తరవాత ఎర్రటి నూనె తెగుతూ వస్తుంది, చివరికి బుడగ లేని ధార కడుతుంది. అప్పుడు బిగిస్తే మంట అందుకుంటుంది. ధార కట్టిన వెంటనే తొందరపడకుండా ఇంకాసేపు వదలడం మంచిది. ట్యాంకు దాకా తిరుగు గొట్టం కూడా ఉన్న ఇళ్లలో గాలి దానంతట అదే ట్యాంకులోకి పోతుంది. ఒకే గొట్టం ఉన్నచోట స్వీడన్‌లో పుట్టిన టైగర్‌లూప్ అనే పరికరం పంపు దగ్గరే గాలిని వేరుచేసి బయటికి వదులుతుంది. అది బిగిస్తే ఇబ్బంది కనిపించదు కానీ సందు అక్కడే ఉంటుంది. ముందు సందు వెతకమని అడగడం ఇంటివాళ్ల హక్కు.

చలికి వణుకుతూ ఎర్ర బటన్‌ను పదే పదే నొక్కడం మాత్రం ప్రమాదం. నొక్కిన ప్రతిసారీ కాలని నూనె ఫైర్ బాక్స్‌లో చేరుతుంది. చివరికి అంటుకున్నప్పుడు అంతా ఒక్కసారిగా భగ్గుమని ఇల్లంతా మసి కొడుతుంది. ఒకసారి నొక్కి చూడండి. వెలగకపోతే స్విచ్ ఆపేసి మెకానిక్‌ను పిలవండి. ట్యాంకు పావు వంతుకు దిగకముందే నూనె పోయించుకోండి, శరదృతువులో ఫిల్టర్ మార్పించండి. పని ముగించి వెళ్లే మెకానిక్‌ను గేజ్ ముల్లు ఎంత చూపించిందో అడిగి రాసుకోండి. మళ్లీ గాలి పడితే వెతుకులాట అక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు.