ట్రైలర్ తోక ఊపుతోందా? లెక్క మీ చేతిలోనే ఉంది!

కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద ముందు పోతున్న ట్రాలీలను ఒకసారి గమనించండి. వేగం కాస్త పెరగ్గానే కొన్ని పాములా అటూ ఇటూ ఊగుతాయి. కొన్ని గీత గీసినట్టు పోతాయి. ఈ తేడా ఎందుకో లెక్కతో చెప్పగలిగితే, కోర్ కంపెనీ ఇంటర్వ్యూ భయం సగం పోయినట్టే.

మెకానికల్, ఆటోమొబైల్ ఫైనలియర్ వాళ్లకు ఇందులో మంచి ప్రాజెక్టు ఉంది. గండికోట లాంటి చోట రాత్రి బసకు పనికొచ్చేలా సరుకుల ట్రైలర్‌ను క్యాంపర్‌గా మార్చడం. మంచం, ఫ్యాన్, సోలార్ ప్యానెల్ బిగించడం ఎవరైనా చేస్తారు. కారు వెనక అది నిలకడగా వస్తుందా అన్నదే అసలు ఇంజినీరింగ్.

బరువు ఎక్కడుంది?

ఎద్దుల బండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుకే బండి తోలే పెద్దాయన మూటలు కొంచెం ముందుకు సర్దుతాడు. ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలన్నది అమెరికాలో కారు వెనక లాగే ట్రైలర్లకు విరివిగా వాడే లెక్క. అంతకు బాగా తగ్గితే ఊగుడు మొదలవుతుంది. మరీ పెరిగితే కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. మీ కారు హిచ్‌కు కంపెనీ ఇచ్చిన పరిమితి కూడా దాటకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్రైలర్ 750 కిలోలు, హిచ్ నుంచి ఇరుసుకు 2.5 మీటర్లు, హిచ్ మీద బరువు 90 కిలోలు. అంటే 12 శాతం, బాగుంది. ఇప్పుడు 60 కిలోల నీళ్ల ట్యాంకును ఇరుసుకు 1 మీటరు వెనక పెట్టండి. హిచ్ బరువు 24 కిలోలు తగ్గి 66 అవుతుంది. మొత్తం 810లో అది 8 శాతమే! అదే ట్యాంకును ఇరుసుకు అర మీటరు ముందు పెడితే 102 కిలోలు, అంటే 12.6 శాతం. ఖర్చు ఒక్క రూపాయి లేదు, స్థలం మారిందంతే. బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కింద ఉంచడం ఇంకా మంచిది.

కమాన్ కట్టల సంగతి

సరుకుల ట్రైలర్ కమాన్ కట్టలు ఫుల్ లోడుకు చేసినవి. క్యాంపర్ అంత బరువుండదు కాబట్టి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. చక్రం రోడ్డును వదిలిన క్షణం పట్టు పోతుంది. బరువు పడ్డాక స్ప్రింగ్ ఎంత కుంగిందో టేపుతో కొలవండి. 25 మిల్లీమీటర్లే కుంగితే సహజ పౌనఃపున్యం సెకనుకు సుమారు 3 ఊపులు. 100 మిల్లీమీటర్లయితే 1.6. మెత్తదనం కోసం పట్టీలు ఊరికే పీకేయొద్దు, మోసే శక్తి తగ్గిపోతుంది. అసలు బరువుకు తగిన కట్ట వేయించి, షాక్ అబ్జార్బర్లు జోడించండి. కమాన్ కుదుపును మింగుతుంది, ఊపును ఆపేది మాత్రం షాక్ అబ్జార్బరే. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి.

దారిలో ఊగుడు మొదలైతే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలండి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

కాటా వేయించండి. చక్రాలకు అడ్డు పెట్టి, ట్రైలర్‌ను సమతలంగా ఉంచి, హిచ్ కింద ప్లాట్‌ఫాం కాటా పెట్టి కొలవండి. సర్దకముందు, సర్దాక వచ్చిన అంకెలు పట్టికగా రాసుకోండి. ‘క్యాంపర్ తయారుచేశాను’ అనే మాట కన్నా ‘హిచ్ బరువును 8 నుంచి 12.6 శాతానికి తెచ్చాను’ అనే వాక్యానికి విలువెక్కువ. ఎలా తెచ్చారని అడిగితే మీరే చెప్పగలరు. కొన్న ప్రాజెక్టుతో అది కుదరదు. పైగా ఇదంతా గేట్ మెకానికల్ సిలబస్‌లో ఉన్న మెకానిక్స్, వైబ్రేషన్సే.

ఒక జాగ్రత్త. రిజిస్టరైన వాహనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. వెల్డింగ్ షాపుకు వెళ్లేముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.