టైరు సైజు కాదు, బరువు చూడండి

శంకర్‌పల్లిలో మా టైర్ల దుకాణానికి రెండు రకాల పికప్‌లు వస్తాయి. ఒకటి, చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల పొలాల నుంచి కూరగాయలూ పూలూ ఎత్తుకుని తెల్లారేలోపు బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్లకు చేరాల్సిన బొలెరో ట్రాలీ. రెండోది, సెలవు రోజుల్లో సిటీ నుంచి ఫాంహౌస్‌కు వచ్చే ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్. ట్రాలీ అతను వచ్చి కారు టైరు అడుగుతాడు. ఫాంహౌస్ సారు లారీ టైరంత మొండిది కావాలంటాడు. ఇద్దరికీ అవతలివాళ్ల టైరే నచ్చుతుంది!

“అన్నా, సైజు గదే గదా, కారు టైరు ఏసెయ్యి, సస్తల వస్తది” అనేది ట్రాలీ వాళ్ల మాట. సైజు అదేనన్నది నిజమే. 215/75 ఆర్15 కారు రకంలోనూ ఉంది, లైట్ ట్రక్ రకంలోనూ ఉంది. ఆ రెండో రకాన్నే ఎల్‌టీ అంటాం. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో నూటికి 75 వంతులు సైడ్‌వాల్ ఎత్తు. 15 రిమ్ము అంగుళాలు. టైరు బండికి పడుతుందా లేదా అన్నంతవరకే ఈ అంకెలు. ఎంత మోస్తుందో తెలియాలంటే ఆ పక్కన ఉన్న మరో అంకె చదవాలి. ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉన్న సదాశివపేట మాకు దూరమేమీ కాదు. అయినా టైరు మీద రాసింది చదివి కొనేవాళ్లు మా దగ్గర తక్కువే.

ఆ అంకె పేరు లోడ్ ఇండెక్స్. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది. 106 అయితే 950, 112 అయితే 1,120. కారు రకం 215/75 ఆర్15 మీద మామూలుగా 100 ఉంటుంది. అదే సైజు 8 పీఆర్ ఎల్‌టీ మీద 106/103 అని ఉంటుంది. వెనక ఒక్కో పక్క ఒకే టైరు ఉన్న బండికి మొదటి అంకె, జంట టైర్ల బండికి రెండోది. 8 పీఆర్ అంటే లోపల ఎనిమిది పొరలు ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నూలు పొరల కాలంలో అది నిజం. ఇప్పటి రేడియల్‌లో అన్ని పొరలు ఉండవు, అంత బలం ఉందని దాని అర్థం.

ఇప్పుడు లెక్క వేద్దాం. లోడు ఎక్కాక వెనక ఇరుసు మీద 1,900 కిలోలు పడ్డాయనుకోండి. ఒక్కో టైరుకు 950. ఎల్‌టీ 106కు అది సరిగ్గా హద్దు. కారు టైర్లు రెండూ కలిసి మోసేది 1,600. అంటే 300 కిలోలు ఎక్కువైనట్టే. పైగా అమెరికాలో ఒక నిబంధన ఉంది. కారు టైరును పికప్‌కు వేస్తే దాని సామర్థ్యాన్ని 1.1తో భాగించి చూడాలి. ట్రక్కు పని మొరటు పని కాబట్టి ఆ కోత. అలా చూస్తే 800 కాస్తా 727 అవుతుంది.

బరువు కంటికి ఆనదు. చామంతి, బంతి పూల గంపలు ట్రాలీ నిండా పేర్చినా బండి కుంగదు. కడిగిన క్యారెట్ సంచులు అందులో సగం ఎత్తు వేసినా, తడితో కలిపి పట్టీలు వంగిపోతాయి. అందుకే లోడు బండిని ఒకసారి ధరమ్‌కాంటాకు తోలుకెళ్లమంటాను. మొదట మొత్తం బండి తూకం. తర్వాత ముందు చక్రాలు కాంటా దిగాక వెనక చక్రాల తూకం. ఆ రెండో అంకెను సగం చేస్తే మీకు కావాల్సిన టైరేదో తెలిసిపోతుంది.

ఇక గాలి సంగతి. ఎల్‌టీ వేయించుకుని, కారుకు కొట్టినట్టు 35 పాయింట్లు కొట్టించి పోయేవాళ్లున్నారు. అసలు చిక్కు అక్కడే. 8 పీఆర్ ఎల్‌టీ తన పూర్తి బరువు మోయాలంటే 65 పాయింట్లు ఉండాలి. 35 దగ్గర అదే సైజు కారు టైరు కంటే తక్కువే మోస్తుంది. బరువు మోసేది లోపలి గాలి. ఆ గాలిని చిట్లకుండా పట్టి ఉంచడమే రబ్బరు, తీగల పని. గాలి తక్కువైతే సైడ్‌వాల్ తిరిగే ప్రతి చుట్టుకూ మడతపడుతుంది, వేడెక్కుతుంది, చివరికి పై పొర ఊడి వస్తుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకున్నవి, పీ235/75 ఆర్15 సైజువి. పై పొర ఊడి బండ్లు పల్టీలు కొట్టి 270 మందికి పైగా చనిపోయారు. టైర్లలో లోపాలున్నాయన్నది ఒక పక్క ఉండగా, ఫోర్డ్ చెప్పిన 26 పాయింట్ల గాలి మీద కూడా పెద్ద వివాదమే నడిచింది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మార్కెట్ నుంచి వచ్చాక వేడి మీద ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే, చల్లారాక తక్కువ పడుతుంది. ఖాళీగా తిరిగే రోజు ఎంత, లోడు రోజు ఎంత అన్నది బండి పుస్తకంలోనో డోరు దగ్గరి స్టిక్కరు మీదో ఉంటుంది. ఎల్‌టీ వేసేటప్పుడు రిమ్ము అంత గాలికి తట్టుకునేదేనా, వాల్వు ఎలాంటిది అని కూడా అడగండి. మామూలు రబ్బరు వాల్వు 65 పాయింట్ల వరకే. అది దాటితే ఎక్కువ గాలికి తట్టుకునే వాల్వు ఉండాలి.

ఫాంహౌస్ సారుకు నేను చెప్పేది వేరు. శ్రీసిటీలో తయారయ్యే వీ-క్రాస్ అయినా, 2022లో మన దేశానికొచ్చిన హైలక్స్ అయినా, నలుగురు మనుషులు, నాలుగు మామిడి మొక్కలు, ఒక ఎరువు బస్తాతో తిరిగితే 112 రాసి ఉన్న కారు రకం టైరు హాయిగా సరిపోతుంది. అలాంటివి రెండుంటే, అమెరికా కోత పోయినా వెనక ఇరుసుకు 2,000 కిలోల పైన బలం ఉంటుంది. ఎల్‌టీ వేస్తే టైరు బరువెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఖాళీ బండి ప్రతి గుంతకూ ఎగురుతుంది. వాన పడ్డ బీజాపూర్ రోడ్డు మీద బ్రేకు కొడితే కాస్త ముందుకెళ్లి ఆగుతుంది. వెంచర్ల కోసం పరిచిన కంకర మీద, సర్కారు తుమ్మ ముళ్ల మధ్య రోజూ తిరిగేవాళ్లకు మాత్రం, లోడు లేకపోయినా మందమైన సైడ్‌వాల్ కోసం ఎల్‌టీ తీసుకోవడంలో అర్థముంది.

ఏది కొన్నా ఒకే ఇరుసుకు ఒక పక్క ఎల్‌టీ, ఇంకో పక్క కారు టైరు వేయొద్దు. సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టం ప్రకారం దాని పని అయిపోయినట్టే. స్టెప్నీ కూడా అదే రకం ఉండాలి. అర్ధరాత్రి పంచరైతే లోడంతా మోయాల్సింది అదే కదా!

చవక టైరు అడిగేవాళ్లకు నేను ముందు ధర చెప్పను. కాంటా చీటీ తెమ్మంటాను. కొందరు విసుక్కుంటారు, కొందరు పక్క దుకాణానికి పోతారు. చీటీ తెచ్చినవాళ్లతో మాత్రం బేరం తొందరగా తెగుతుంది. ఏ టైరు కావాలో ఆ కాగితమే చెప్పేస్తుంది.