అరసవల్లి స్వామి పాదాలు తాకే కిరణం.. బయల్దేరింది 8 నిమిషాల ముందే!

సిక్కోలు వాళ్లకు ఇది కొత్త కాదు. ఏటా మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబర్ మొదట్లో అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను ఉదయపు కిరణాలు తాకుతాయి. ఆ కొన్ని నిమిషాల కోసం జనం తెల్లారకముందే క్యూ కడతారు. మబ్బు పట్టిందా.. ఆ రోజుకి నిరాశే.

మరి ఏడాదికి రెండుసార్లే ఎందుకు? సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. ఉత్తరానికి జరుగుతూ మార్చిలో, దక్షిణానికి తిరిగొస్తూ అక్టోబర్‌లో దాదాపు ఒకే చోటు మీదుగా వెళ్తాడు. అప్పుడే వెలుగు అనివెట్టి మండపం దాటి సూటిగా గర్భగుడిలోకి వస్తుంది. సూర్యుడు ఉన్నది సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అందుకే అక్కడి వెలుగు ఇక్కడికి రావడానికి 8 నిమిషాలు దాటుతుంది.

ఇదే సూర్యుడి కోసం ఇస్రో 'ఆదిత్య ఎల్1'ను పంపింది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోటలో బయల్దేరి, 2024 జనవరి 6న గమ్యం చేరింది. నాలుగు నెలలు తిరిగి అది చేరింది మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరం. అంటే సూర్యుడి దారిలో నూరో వంతే! కిరణానికైతే అది 5 సెకన్ల పని.

కానీ అక్కడ రాత్రి లేదు, గ్రహణం లేదు. మబ్బు పట్టి అరసవల్లి క్యూలో వాళ్లు ఉసూరుమన్న పొద్దున కూడా, ఆదిత్యకి సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు.