సముద్రం కొట్టుకొచ్చిన చెక్క అందం.. ఇంట్లోనే తేవడం ఎలా?

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (2024 వరకూ పోర్ట్ బ్లెయిర్)లోని మిన్నీ బే లాంటి తీరాల్లో ఆటుపోట్లు కొన్ని చెక్క ముక్కలను ఒడ్డున వదిలి వెళ్తుంటాయి. ఏ చెట్టు కలపైనా, ఎండావానల్లో చాలాకాలం ఉంటే దాదాపు ఒకే వెండి బూడిద రంగులోకి మారుతుంది. 'డ్రిఫ్ట్‌వుడ్ ఫినిష్' పేరుతో హోటళ్లు, ఇళ్లలోని ఫర్నిచర్‌కు ఇప్పుడు కోరి తెచ్చుకుంటున్న రూపం ఇదే.

మరి ఒడ్డున దొరికిన చెక్కనే ఇంటికి తెచ్చుకుంటే సరిపోదా?

ఆ చెక్క ఎవరిది?

నీటిలో కొట్టుకొచ్చిన, ఒడ్డుకు చేరిన, మునిగిపోయిన కలపను, ఎవరైనా తమదని నిరూపించుకునే వరకూ ప్రభుత్వ ఆస్తిగానే పరిగణించాలని 1927 నాటి భారత అటవీ చట్టంలోని 45వ సెక్షన్ చెబుతోంది. గోదావరి వరదల్లో దుంగలు పట్టేవారికీ ఇలాంటి చిక్కే ఎదురవుతుంది.

అండమాన్‌లో కలప మరింత సున్నితమైన అంశం. 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు ఈ ఊళ్లోనే ఉంది. దశాబ్దాల నరికివేత తర్వాత, 2002 మేలో సుప్రీంకోర్టు ఈ దీవుల్లో చెట్లు కొట్టడంపై కఠిన ఆంక్షలు విధించింది.

చట్టాన్ని పక్కన పెట్టినా ఇంకో సమస్య ఉంది. ఉప్పు పీల్చుకున్న చెక్క గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. దానికి కొట్టిన మేకులు తొందరగా తుప్పు పడతాయి. పైగా సముద్రపు పురుగులు లోపల ఎంత తొలిచాయో బయటికి కనిపించదు.

బూడిద రంగు ఎలా వస్తుంది?

చెక్కలోని పోగులను లిగ్నిన్ అనే పదార్థం జిగురులా పట్టి ఉంచుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విడగొడతాయి. వాన, అలలు దాన్ని కడిగేస్తాయి. చివరికి పాలిపోయిన సెల్యులోజ్ పోగులు మిగులుతాయి. వాటిపై పెరిగే సూక్ష్మమైన బూజు బూడిద ఛాయను ఇస్తుంది.

అయితే ఇదంతా పైపొర మార్పే. కాస్త చిత్రిక పడితే లోపల పాత రంగు బయటపడుతుంది. కాబట్టి ఆ పైపొర ఒక్కటి తయారు చేసుకుంటే చాలు.

దశలవారీగా..

ముందుగా పాత వార్నిష్ పూర్తిగా తీసేయాలి. తర్వాత ఇనుప తీగల బ్రష్‌తో చారల వెంట రుద్దాలి. మెత్తటి భాగం అరిగి, గట్టి చారలు పైకి తేలతాయి. ఇసుక, అలలు చేసే పని ఇదే.

రంగు కోసం స్టీల్ ఊల్ ముక్కను వెనిగర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టాలి. ఆ ద్రావణంలోని ఇనుము, చెక్కలోని టానిన్‌తో కలిసి బూడిద నుంచి నలుపు వరకూ రంగులిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఇది కొత్తేమీ కాదు. కరక్కాయ నీళ్లలో ముంచిన బట్టపై, తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరబెట్టిన ద్రావణంతో వాళ్లు నల్లటి గీతలు గీస్తారు.

టేకు, తుమ్మ చెక్కల్లో టానిన్ సహజంగానే ఉంటుంది. పైన్ లాంటి చెక్కలకైతే ముందు కరక్కాయ కషాయం గానీ, చిక్కటి టీ డికాక్షన్ గానీ పూసి ఆరనివ్వాలి. ద్రావణంలో నీళ్లు కలిపి, బల్ల అడుగున ఒకచోట పూసి చూడటం మంచిది. రంగు ఆరేకొద్దీ ముదురుతుంది.

చివరగా నీళ్లు కలిపిన తెల్ల పెయింట్ పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. తెలుపు చారల సందుల్లోనే నిలుస్తుంది. దానిపై మెరుపు లేని, నీటి ఆధారిత పూత వేయాలి. నూనె ఆధారిత వార్నిష్ అయితే బూడిద రంగును పసుపెక్కిస్తుంది.

జాగ్రత్తలు

వెనిగర్ సీసా మూత బిగించకూడదు. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. వెనిగర్‌ను బ్లీచ్‌తో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. రుద్దేటప్పుడు మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి.

ఏ చెక్క మీద చేయకూడదు?

అండమాన్ ఇళ్లలో తరాలుగా నిలిచిన పడౌక్ ఫర్నిచర్ మీద ఈ ప్రయోగం వద్దు. పడౌక్ మన ఎర్రచందనం, వేగిస చెట్ల ప్రజాతికే చెందినది. దాని విలువంతా ఎర్రటి చేవలోనే ఉంది. వెనిగర్ ద్రావణం ఇంకితే ఆ ఎరుపును మళ్లీ తేవడానికి పైపొరంతా చిత్రిక పట్టాల్సిందే. ఈ పనికి ప్యాకింగ్ పెట్టెల పలకలు, పాత తలుపు చెక్కలు చాలు. అప్పుడు తీరంలోని చెక్క తీరంలోనే ఉంటుంది, అడవిలో చెట్టు అడవిలోనే ఉంటుంది.