మన్యం పిల్లలకు మీ డిగ్రీతో పనుంది

పిల్లల పేదరికం, పోషకాహార లోపం, బడి మానేయడం... ఈ మాటలు వినగానే తూర్పు ఆఫ్రికా దేశాలే గుర్తొస్తున్నాయా? అంత దూరం వెళ్లక్కర్లేదు. బొబ్బిలిలో రాయగడ వైపు రైలెక్కితే, సీతానగరం దాటగానే పార్వతీపురం. అక్కడి నుంచి కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవర, జాతాపు పిల్లల్ని చూడండి. సామాజిక రంగంలో స్థిరపడాలనుకునే డిగ్రీ విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి పాఠశాల లేదు.

ఒకదానికొకటి ముడి

తల్లికి రక్తహీనత ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదముంది. అలాంటి బిడ్డకు మలేరియా సోకితే కోలుకోవడం కష్టం. జ్వరంతో వారం పోతే పాఠం అందదు. పాఠం అందకపోతే బడి మీద ఆశ పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు వారిలో 63.2 శాతం మందికి రక్తహీనత. ఇది రాష్ట్ర సగటు మాత్రమే.

భాష మరో అడ్డు. ఇంట్లో సవర, బళ్లో తెలుగు. ఈ సంగతి గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే గుర్తించారు. తానే సవర నేర్చుకుని, ఆ భాషలోనే పిల్లలకు బడులు నడిపారు.

ఏ కొలువులున్నాయి?

* 1975లో మొదలైన ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులు.
* ఏకలవ్య, ఆశ్రమ పాఠశాలల్లో ఉపాధ్యాయులు, వార్డెన్లు.
* 2047 నాటికి సికిల్‌సెల్ వ్యాధిని నిర్మూలించాలని 2023లో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివినవారు దీనిపై కన్నేయాలి.
* స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ కోఆర్డినేటర్లు.

ఏ డిగ్రీ చేసినా ఎంఎస్‌డబ్ల్యూకి ప్రయత్నించొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది.

చేరే ముందు

ఒక్కమాట. స్వచ్ఛంద సంస్థల్లో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, మొదట్లో జీతం తక్కువే. ప్రాజెక్టు ఎన్నేళ్లు, ప్రయాణ ఖర్చులు ఎవరివి అని అడగడానికి మొహమాటపడకండి. సేవ చేయాలంటే ముందు మీ ఇల్లు గడవాలి కదా!

ఈ సెలవుల్లో దగ్గరున్న అంగన్‌వాడీ కేంద్రానికి అనుమతి తీసుకుని వెళ్లండి. పిల్లల బరువు ఎలా తూస్తారో, ఎదుగుదల చార్టు ఎలా నింపుతారో నేర్చుకోండి. పది సవర మాటలైనా పట్టండి. ఇంటర్వ్యూలో ‘ఈ పని ఎందుకు?’ అని అడిగితే, పుస్తకంలో చదివింది కాదు, కళ్లారా చూసింది చెప్పగలుగుతారు.